పాఠం సరే, ఫైలు ఎక్కడిదాకా వెళ్తోంది?

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

తెలుగులో పాఠాలు చెప్పే యూట్యూబ్ వీడియోల కింద ఒక పేరా తరచూ కనిపిస్తుంది. "కాపీరైట్ చట్టం 1976, సెక్షన్ 107 ప్రకారం ఫెయిర్ యూజ్, విద్యా ప్రయోజనాల కోసం మాత్రమే" అని. ఫెయిర్ యూజ్ అంటే అనుమతి అడగకుండానే న్యాయమైన మేరకు వాడుకోవడం. ఆ చట్టం అమెరికాది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో చెప్పిన పాఠానికి అది ఇక్కడ అక్కరకు రాదు. అమెరికాలోనైనా ఆ పేరా అతికించినంత మాత్రాన రక్షణ దొరకదు. ఎందుకు వాడారు, ఏ రకం రచన, ఎంత తీసుకున్నారు, అసలు యజమాని అమ్మకాలకు ఎంత దెబ్బ అనే నాలుగు సంగతులూ తూచి కోర్టు తేల్చాలి. మనకు వర్తించేది 1957 నాటి భారత కాపీరైట్ చట్టం, 2012 సవరణలతో కలిపి. తమాషా ఏమిటంటే, తరగతి గదిలో టీచరుకు మన చట్టం ఇచ్చిన వెసులుబాటు చాలా పెద్దది. అది చదవకుండా పరాయి సెక్షన్‌ని అరువు తెచ్చుకుంటున్నాం.

ఇంకో అపోహ ఉంది. "ముప్పై సెకన్ల లోపు పాట వాడితే ఏమీ కాదు", "పుస్తకంలో పది శాతం దాకా తీసుకోవచ్చు" అంటుంటారు. ఈ అంకెలు కూడా అమెరికా నుంచి వచ్చినవే. అక్కడ 1976లో ఒకసారి, 1996లో మరోసారి ప్రచురణకర్తలూ విద్యాసంస్థలూ కూర్చుని రాసుకున్న మార్గదర్శకాలవి. అక్కడే అవి చట్టం కావు. ఎంత వాడుకోవచ్చన్నదానికి మన చట్టంలో ఏ సెక్షన్‌లోనూ సెకన్ల లెక్క గానీ శాతం లెక్క గానీ లేదు. పది సెకన్ల ముక్కకు కూడా యూట్యూబ్‌లో క్లెయిమ్, అంటే "ఇది మాది" అని హక్కుదారు పెట్టే అభ్యంతరం, పడుతుంది. మరోవైపు, అవసరమైతే ఒక కవితను మొత్తంగా నల్లబల్ల మీద రాసినా తప్పు లేదు.

మనకు ముఖ్యమైనది సెక్షన్ 52. అందులో ఉల్లంఘన కింద రాని పనుల పట్టిక ఉంది. 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా ప్రతి తీసుకోవచ్చు. పరీక్ష ప్రశ్నలోనూ, దాని జవాబులోనూ వాడుకోవచ్చు. "ఏ రచననైనా" అన్నారు కాబట్టి ఫొటో, పటం, కథ, వ్యాసం అన్నీ వస్తాయి.

ఈ మాటల వైశాల్యం ఎంతో ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో తేలింది. ఆ కేసును కాస్త వివరంగా చూడాలి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ అనే జిరాక్స్ షాపు ఉంది. అధ్యాపకులు సిలబస్ ప్రకారం ఏ పుస్తకంలో ఏ పేజీలు కావాలో రాసిస్తే, షాపువాళ్లు వాటిని జిరాక్స్ తీసి, ప్యాకులుగా బైండు చేసి విద్యార్థులకు అమ్మేవారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు షాపు మీదా విశ్వవిద్యాలయం మీదా దావా వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దావా కొట్టేసింది. డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం ఇచ్చిన తీర్పులో మనకు పనికొచ్చే మాటలు మూడున్నాయి. బోధన అంటే గంట కొట్టినప్పటినుంచి మళ్లీ గంట కొట్టేదాకా మాత్రమే కాదు, పాఠం సిద్ధం చేసుకోవడం, విద్యార్థి ఇంటి దగ్గర చదువుకోవడం కూడా అందులో భాగమే. ప్రతి తీసే యంత్రం టీచరు చేతిలోనే ఉండాలని లేదు. ఎంత తీసుకోవచ్చన్నదానికి కొలబద్ద బోధన అవసరమే, పేజీల సంఖ్య కాదు.

అయితే ఆ తీర్పును "పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేసి పంచుకోవచ్చు" అని చదివేవాళ్లున్నారు. అది తప్పు. ఆ ప్యాకుల్లో చేర్చిన భాగాలు బోధనకు నిజంగా అవసరమా, కొన్ని పుస్తకాలను పూర్తిగా జిరాక్స్ తీయడం చెల్లుతుందా అన్న ప్రశ్నలను ధర్మాసనం విచారణకు తిరిగి పంపింది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. కాబట్టి ఆ ప్రశ్నలకు జవాబు రాలేదు. మీరు ఒక పుస్తకంలోంచి అధ్యాయం తీసుకునేటప్పుడు, అది ఏ పాఠానికి, ఏ యూనిట్‌కి కావాలో ఒక వాక్యం రాసి పెట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఆ అవసరాన్నే.

ఇక అసలు చిక్కు. 52(1)(ఐ)లో ఉన్న మాట "ప్రతి తీయడం". చట్టంలో "ప్రజలకు అందుబాటులో పెట్టడం" అనే హక్కు వేరే ఉంది. ఒక వీడియోనో పీడీఎఫ్‌నో ఎవరైనా, ఎప్పుడైనా తెరిచి చూసేలా నెట్‌లో పెడితే అది ఆ రెండో హక్కు కిందికి వస్తుంది. టీచరుకిచ్చిన మినహాయింపు దాన్ని పేరు పెట్టి ప్రస్తావించలేదు. నలభై మంది పిల్లలకు చేరిన ఫైలు మీద వాదించడానికి మనకు గట్టి నేల ఉంది. ఊరందరికీ తెరిచిన ఫైలు మీద ఆ నేల లేదు. అందుకే ఎన్ని సెకన్లు అన్న లెక్క కంటే ఎవరెవరికి చేరుతోంది అన్న లెక్క ముఖ్యం.

దీన్ని సెట్టింగుల్లోకి దించి చూద్దాం. గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పంచేటప్పుడు "లింక్ ఉన్న ఎవరైనా" అన్నది ఎంచుకుంటే, ఆ లింకు వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు దాటేసరికి అది మీ తరగతిది కాకుండా పోతుంది. "రిస్ట్రిక్టెడ్" పెట్టి విద్యార్థుల మెయిల్ ఐడీలు చేర్చండి, లేదా గూగుల్ క్లాస్‌రూమ్‌లో పెట్టండి. యూట్యూబ్‌లో "అన్‌లిస్టెడ్" అంటే గుట్టుగా ఉన్నట్టు అనుకుంటారు చాలామంది. కాదు, వెతికితే దొరకదంతే, లింకున్న వాళ్లందరికీ కనిపిస్తుంది. "ప్రైవేట్" అయితేనే మీరు చేర్చిన మెయిళ్లకు పరిమితం. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపడమంటే దాని మీద పట్టు వదిలేసుకోవడమే. వీలైన ప్రతిచోటా ఫైలు బదులు అసలు చోటికి లింకు పంపండి. విద్యాసంవత్సరం అయ్యాక ఫోల్డరు మూసేయండి.

నెట్ సరిగా అందని బడుల్లో వీడియోలను ముందే దింపుకోక తప్పదు. అందుకు ఇతర డౌన్‌లోడర్ యాప్‌లు వాడితే, చట్టం మాట అటుంచి, యూట్యూబ్‌తో మీరు ఒప్పుకున్న నిబంధనలు తప్పినట్టే. ఆ యాప్‌లతో పాటు ఫోన్లోకి వచ్చే చెత్త సరేసరి. యూట్యూబ్ యాప్‌లోనే ఆఫ్‌లైన్ బటన్ ఉంటే అది వాడండి. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ ద్వారా తెరుచుకునే దీక్ష యాప్‌లోని పాఠాలను ఆఫ్‌లైన్‌లో దాచుకునే ఏర్పాటు ఆ యాప్‌లోనే ఉంది.

వార్షికోత్సవం గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. 52(1)(జె) ప్రకారం బడి సిబ్బందీ పిల్లలూ నాటకం వేయవచ్చు, పాట స్వయంగా పాడవచ్చు. రికార్డింగ్ పెట్టి డాన్సు చేయిస్తే మాత్రం ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి కార్యకలాపాలతో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితం కావాలి. టికెట్లు పెట్టి ఊళ్లో మైదానంలో చేస్తే ఆ మినహాయింపు నిలవదు. ఇప్పుడు అందరూ చేసే పని, యూట్యూబ్ లైవ్ పెట్టడం. ప్రేక్షకుల హద్దు అక్కడే చెరిగిపోతుంది. తెర మీద మీ పిల్లలే ఉన్నా, వినిపించేది ఆడియో కంపెనీ రికార్డింగ్. అందుకే మధ్యలో లైవ్ ఆగిపోవడం, తర్వాత వీడియోలో శబ్దం మాయమవడం. హాల్లో మామూలుగా జరుపుకుని, అప్‌లోడ్ చేసేటప్పుడు యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోని ఉచిత సంగీతాన్ని నేపథ్యంగా వేయడం సులువైన దారి. పిల్లలే పాడిన పాటకైనా, అప్‌లోడ్ చేసేసరికి రచయిత, స్వరకర్తల హక్కులు మిగిలే ఉంటాయి.

గడువు తీరిన రచనలకు ఈ బాధలేమీ లేవు. రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు కాబట్టి వారి రచనలు అందరివీ. జాషువా 1971లో పోయారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనల మీద హక్కు 2031 డిసెంబరు 31 దాకా ఉంటుంది. శ్రీశ్రీ రచనలకు 2043 ముగిసేదాకా ఆగాలి. సినిమాకూ, శబ్ద రికార్డింగుకూ లెక్క వేరు. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్ సినిమాగా 2017తో గడువు దాటింది. కానీ అందులో పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పోయింది 1971లో. సాహిత్యానికి రచయిత ఆయుష్షు లెక్కే వర్తిస్తుంది కనుక అది 2031 దాకా బతికే ఉంటుంది. 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి మీద వేరే హక్కు అడిగేవాళ్లుండవచ్చు. "పాత సినిమా కదా" అని ఒక్క మాటతో తేల్చేయకుండా సినిమా, సాహిత్యం, సంగీతం, రికార్డింగ్ వేర్వేరుగా చూసుకోవాలి.

బొమ్మల విషయంలో గూగుల్‌లో మొదట కనిపించినది లాగేయకండి. ఇమేజ్ సెర్చ్‌లో టూల్స్, ఆ తర్వాత యూసేజ్ రైట్స్, అందులో క్రియేటివ్ కామన్స్ (షరతులతో వాడుకోమని యజమానే ముందుగా ఇచ్చే లైసెన్సు) ఎంచుకోండి. అక్కడితో ఆగకుండా బొమ్మ ఉన్న అసలు పేజీకి వెళ్లి లైసెన్సు చదవండి. "బై" అంటే పేరు చెప్పాలి, "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడకూడదు, "ఎన్‌డీ" అంటే మార్చి పంచకూడదు, "ఎస్ఏ" అంటే మార్చినదాన్ని అదే లైసెన్సు కింద పంచాలి. ఎన్‌డీ ఉన్న వ్యాసాన్ని తెలుగులోకి అనువదించి పంచడం కూడా మార్పే. ఫీజులు తీసుకునే కోచింగ్ సెంటర్లు ఎన్‌సీ బొమ్మలతో మెటీరియల్ అమ్మితే చిక్కులో పడతాయి. స్లైడు అడుగున "చిత్రం: ఫలానా వారు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్ఏ 4.0, కొంత కత్తిరించాం" అని రాస్తే చాలు. చివరి స్లైడులో "గూగుల్ సౌజన్యంతో" అని రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ బొమ్మ గూగుల్‌ది కాదు.

కంప్యూటర్ ల్యాబుల సంగతి ఒక్క మాటలో చెబుతాను. దొంగ సాఫ్ట్‌వేర్‌ని తెలిసి వాడటం సెక్షన్ 63బీ కింద నేరం, "పిల్లల కోసమే" అన్న సాకు పనిచేయదు. చూపు సరిగా లేని విద్యార్థికి మాత్రం 52(1)(జెడ్‌బీ) ఉంది. మామూలు పుస్తకం అతను చదవలేడు కాబట్టి దాన్ని ఆడియోగానో బ్రెయిలీగానో మార్చి, లాభం లేకుండా ఇవ్వవచ్చు. ఈ వెసులుబాటును మనం ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

బహిరంగ ఛానల్లో సినిమా దృశ్యం చూపించి పాఠం చెప్పాలంటే దారి లేకపోలేదు. 52(1)(ఎ)లో విమర్శ, సమీక్షల కోసం ఫెయిర్ డీలింగ్, అంటే న్యాయమైన మేరకు వాడుకునే వీలు, ఉంది. ఒక నాటకానికి ప్రతిగా రాసిన నాటకం మీద వచ్చిన సివిక్ చంద్రన్ కేసులో 1996లో కేరళ హైకోర్టు మూడు సంగతులు చూడాలంది: ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు రచనకు పోటీ అవుతుందా. అందుకని దృశ్యాన్ని ఏకబిగిన నడపకండి. ఒక షాటు చూపించి ఆపండి, దాని గురించి మాట్లాడండి, మళ్లీ చూపించండి. మీ విశ్లేషణ లేని చోట దృశ్యం ఉండకూడదు.

అప్పటికీ క్లెయిమ్ పడవచ్చు. కంటెంట్ ఐడీ అనేది వీడియోల్లో ఇతరుల పాటలూ దృశ్యాలూ ఉన్నాయేమో పోల్చి చూసే యూట్యూబ్ యంత్రం, దానికి సెక్షన్ 52 తెలియదు. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. స్ట్రైక్ అంటే హక్కుదారు వీడియో తొలగించమని కోరినప్పుడు ఛానల్‌కి పడే హెచ్చరిక. క్లెయిమ్ పడితే యూట్యూబ్ స్టూడియోలో ఆ ముక్క కత్తిరించవచ్చు, పాట తీసేయవచ్చు, లేదా ఆ క్లెయిమ్ తప్పని డిస్ప్యూట్ పెట్టవచ్చు. డిస్ప్యూట్‌కి జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజులుంటాయి. మీది నిజంగా విమర్శే అయితే, ఏ నిమిషంలో ఏ షాటు మీద ఏం విశ్లేషించారో రాసి డిస్ప్యూట్ పెట్టండి. వార్షికోత్సవం డాన్సు అయితే వాదన పెట్టుకోకుండా పాట తీసేయండి. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోవచ్చు. యంత్రాన్ని ఏమార్చడానికి దృశ్యాన్ని తిరగేయడం, గొంతు స్థాయి మార్చడం చేస్తారు కొందరు. తెలిసే చేశారనడానికి మీ చేతులతో మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

వీటిలో ఏదీ కుదరకపోతే అనుమతి అడగడమే. ప్రచురణకర్తకు రాసే మెయిల్‌లో ఏ పుస్తకం, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, ఎంతమంది విద్యార్థులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎక్కడ పెడతారు, ఎవరికి కనిపిస్తుంది, ఫీజు ఉందా లేదా అన్నవి ఉండాలి. జవాబు రాకపోవడం అంగీకారం కాదు. అప్పుడు ఆ భాగాన్ని తరగతిలో చూపించి, బయటికి పెట్టే ప్రతిలోంచి తీసేయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.