పైకి విసిరిన బంతి, అన్నంభట్టు నిర్వచనం

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మనతో ఉన్నది డిగ్రీలో నాకు భౌతికశాస్త్రం చెప్పిన మేడం. మేడం, మెకానిక్స్ మొదటి యూనిట్ చెప్పేటప్పుడు మీరు తర్కసంగ్రహం అనే పాత సంస్కృత తర్కశాస్త్ర పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టేవారు. సిలబస్‌లో లేని పుస్తకం ఎందుకా అనుకునేవాళ్లం.

మేడం: చెబుతాను. ముందు ఇది చెప్పు. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరావు. అది వెళ్లగలిగినంత ఎత్తుకు వెళ్లి, కిందికి తిరగబోయే క్షణంలో దాని త్వరణం ఎంత?

వ్యాఖ్యాత: 9.8. కిందివైపు.

మేడం: ఇప్పుడు తడుముకోకుండా చెప్పావు. మొదటి సంవత్సరం క్లాసులో అడిగితే చాలామంది సున్నా అంటారు. వేగం సున్నా కాబట్టి త్వరణమూ సున్నా అని. ఇంకొందరు బంతి పైకి వెళుతున్నంతసేపూ పైకి ఒక బాణం గీస్తారు, చేతి బలం ఇంకా అందులోనే ఉందని. వీళ్లంతా ఇంటర్‌లో ఈ లెక్కలు లెక్కలేనన్ని చేసినవాళ్లే!

వ్యాఖ్యాత: సూత్రం నోటికి వచ్చు, భావం పట్టుబడలేదు.

మేడం: ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్ బృందం 1992లో ఒక ప్రశ్నావళి ప్రచురించింది. అందులో లెక్కలు చేయనక్కర్లేదు, బలం గురించిన భావనలే అడుగుతారు. కోర్సు పూర్తి చేసినవాళ్లు కూడా తడబడ్డారు. అయినా ఆ బాణం గీసిన పిల్లవాణ్ణి తెలివితక్కువవాడు అంటే నేను ఒప్పుకోను. 14వ శతాబ్దంలో పారిస్‌లో తత్త్వశాస్త్రం బోధించిన బురిడాన్ చెప్పింది దాదాపు అదే. విసిరినవాడు వస్తువులో ఒక ప్రేరణ నింపుతాడని, అదే దాన్ని నడిపిస్తుందని. మన ప్రాచీన తత్త్వశాఖల్లో ఒకటైన వైశేషికం వాళ్లు వేగం అనే సంస్కారం, అంటే కదిలే వస్తువులో నిలిచి దాన్ని నడిపించే గుణం, గురించి చెప్పింది కూడా దీనికి దగ్గరిదే.

వ్యాఖ్యాత: అలా తర్కసంగ్రహానికి వచ్చాం.

మేడం: 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాశాడు. తెలుగువాడనే చెబుతారు. న్యాయం అనే భారతీయ తర్క దర్శనంలో అడుగుపెట్టేవాళ్లు ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు. అందులో బరువుకు నిర్వచనం 'ఆద్యపతనాసమవాయికారణం గురుత్వమ్'. అసమవాయి సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం. మొదటి పతనానికి, అంటే వస్తువు పడటం మొదలయ్యే తొలి క్షణపు కదలికకు, కారణం గురుత్వం అంటున్నాడు. 'ఆద్య' ఎందుకు పెట్టాడు?

వ్యాఖ్యాత: ఆ తర్వాత పడటానికి కారణం వేరు కాబట్టి?

మేడం: సరిగ్గా అదే. రెండో పతనం నుంచి, అంటే ఆ తర్వాతి క్షణాల్లో, కారణం వేగం అని తన వ్యాఖ్య దీపికలో ఆయనే రాశాడు. 'ఆద్య' లేకపోతే నిర్వచనం వేగానికి కూడా వర్తిస్తుంది, అతివ్యాప్తి దోషం వస్తుంది. ఇలా ఒక్కో మాట తీసి చూసి, ఏం చెడుతుందో తేల్చడాన్ని పదకృత్యం అంటారు. నాకు ఈ పద్ధతి అంటే ప్రాణం. బయటి బలం లేకపోతే కదిలే వస్తువు ఒకే వడితో సరళరేఖలో సాగుతుందనే న్యూటన్ మొదటి నియమంలో 'సరళరేఖలో' అన్న మాట తీసేయమంటాను. అప్పుడు దాదాపు ఒకే వడితో భూమి చుట్టూ తిరిగే చంద్రుడికి ఏ బలమూ అక్కర్లేదని తేలుతుంది. క్లాసంతా నిటారుగా కూర్చుంటుంది.

వ్యాఖ్యాత: మరి అన్నంభట్టు చెప్పింది ఒప్పేనా?

మేడం: కాదు. పూర్వులు అన్నీ ముందే కనిపెట్టారని చెప్పి ఆయన్ని పీఠమెక్కించడం నాకు ఇష్టం లేదు, ఆయనతో వాదించాలి. బరువు ప్రతి క్షణం లాగుతూనే ఉంటుంది. గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో చూపించాడు, నిశ్చల స్థితి నుంచి పడే వస్తువు వరుసగా సమాన కాలాల్లో దాటే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయని. మొదట్లో వచ్చిన వేగమే నడిపిస్తే ఆ దూరాలన్నీ సమానం కావాలి కదా! గోడకు మీటరు స్కేలు ఆనించి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే పిల్లలే తేల్చుకుంటారు.

వ్యాఖ్యాత: తత్త్వశాస్త్రం విద్యార్థులు కూడా ఆ ల్యాబ్‌కు రావాలంటారా?

మేడం: తప్పకుండా. కారణం అంటే ఏమిటని సెమిస్టరంతా వాదించేవాళ్లు, పడుతున్న వస్తువును ఒక్కసారైనా కొలవాలి. నిర్వచనాన్ని నిలదీయడం మా పిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. వారానికి ఒక గంట రెండు క్లాసులూ కలిపితే చాలు. ఒక్కటే షరతు, ఆ గంటకు పరీక్ష ఉండకూడదు. మార్కులు పెట్టామంటే పదకృత్యాన్ని కూడా బట్టీ పట్టేస్తారు.