కూర్చుని తినే ఆదాయం: ఒక పాత బ్యాంకు ఉద్యోగి లెక్క

(మల్కాజిగిరిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం హాలులో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫ్యాను కింద కుర్చీ దొరికినవాళ్ళు అదృష్టవంతులు. మిగతావాళ్ళు నన్ను కాదు, సంఘం కార్యదర్శి గారిని తిట్టుకోండి.

ఆయన నాకిచ్చిన అంశం 'పాసివ్ ఇన్‌కమ్'. అంటే కూర్చుని తినే ఆదాయం. మన పెద్దవాళ్ళేమో కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు. ఫోనులో కనిపించే కుర్రాళ్ళేమో కూర్చుని తినండి, కొండ కరగదు సరికదా పెరుగుతుంది అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో చూడాలంటే ముందు ఒక కొలత కావాలి.

పది రోజుల కింద మా వీధి చివర బ్లౌజులు కుట్టే ఆవిడ నన్ను ఆపి అడిగింది. "సార్, నా దగ్గర అయిదు లక్షలున్నయి. నెలకు ఇరవై వేలు వచ్చేటట్టు ఎక్కడన్న పెట్టిపియ్యుండ్రి" అని. అయిదు లక్షలు ఆవిడ ఎన్నేళ్ళు మిషను తొక్కి దాచిందో నాకు తెలుసు. అందుకే అక్కడికక్కడ జవాబు చెప్పలేదు. ఇవ్వాళ ఇక్కడ చెప్తానన్నాను.

ఇక కొలత. మనకు శాతాలకన్నా బాగా అలవాటైన లెక్క ఒకటుంది: నూటికి నెలకు ఎంత. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని కౌంటర్లో చెప్తే చాలామంది నమ్మేవాళ్ళు కాదు. ఆ కొలతలోకే అన్నీ మార్చి చూడండి. 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటే 58 పైసలు. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీము ఇప్పుడిచ్చే 7.4 శాతం అంటే 62 పైసలు. అరవై దాటినవాళ్ళ సీనియర్ సిటిజన్ స్కీము, 8.2 శాతం, 68 పైసలు. మన దేశంలో నిద్ర చెడకుండా వచ్చేది ఇంతే. గుర్తుకు తేలిగ్గా అరవై పైసలు అనుకోండి.

ఆవిడ అడిగింది ఎంత? అయిదు లక్షల మీద ఇరవై వేలంటే నాలుగు రూపాయల వడ్డీ. ఎవరైనా నాలుగు రూపాయలిస్తానని మన ఇంటికొచ్చాడంటే, అతనికి ఏ బ్యాంకూ అప్పివ్వలేదని అర్థం. బ్యాంకు రూపాయి లోపు ఇస్తుంటే మన దగ్గరికి ఎందుకొస్తాడు?

ఇంత తెలివిగా మాట్లాడుతున్న నేనేం చేశానో కూడా చెప్తాను. మా ఆవిడ ముందు వరసలోనే ఉంది, చెప్పకపోతే ఆవిడే చెప్తుంది. రిటైరయ్యాక నేను గుంటల లెక్కన ఫార్మ్ ల్యాండ్ కొన్నాను. శ్రీగంధం మొక్కలు వాళ్ళే పెంచుతారు, కాపలా వాళ్ళదే, మొక్కలు పెరిగేదాకా లక్షకు నెలకు మూడు వేలు చెక్కు పంపుతారు. ఏడు నెలలు చెక్కులు ఠంచనుగా వచ్చాయి. ఎనిమిదోది వెనక్కొచ్చింది. నేను పనిచేసిన బ్రాంచిలోనే, నేను నేర్పిన అమ్మాయే, రిటర్న్ మెమో నా చేతిలో పెట్టింది. అలాంటి మెమోలు సర్వీసులో కొన్ని వందలు రాసి ఉంటాను. 'నిధులు చాలవు' అన్న ముక్క నా పేరు కింద చదవడం అదే మొదలు. ఇంటికొచ్చి లెక్కేస్తే తేలిందేమిటంటే, ఆ ఏడు నెలలూ నాకిచ్చింది నా డబ్బే. కొత్తగా చేరినవాళ్ళ డబ్బు కూడా కావచ్చు. మొక్కలకు మాత్రం దానితో సంబంధం లేదు. శ్రీగంధం కోతకు రావాలంటే పన్నెండు, పదిహేనేళ్ళు పడుతుంది. రెండో నెలలో మొక్క చెక్కు ఎలా రాస్తుంది? ఆ ఒక్క ప్రశ్న నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

ఇలాంటివాటికి చట్టం లేక కాదు. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టమే వచ్చింది. అపార్ట్‌మెంట్లకు 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే చట్టం ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లకు మించో కడితే రెరా నంబరు లేకుండా అమ్మకూడదు. అయినా మన ఊళ్ళో 'ప్రీ లాంచ్' అనే మాట ఆగిందా? నంబరు రాకముందే డబ్బంతా ఒకేసారి కడితే సగం ధర, పైన అద్దె గ్యారంటీ. అడగాల్సింది ధర కాదు, నంబరు. నంబరు వెబ్‌సైటులో కొట్టి చూసేదాకా జేబులోంచి చెయ్యి తీయకండి.

ఇక హైదరాబాద్ అంటే అందరికీ గుర్తొచ్చేది అద్దె. అద్దె తినడం మనకు ఉద్యోగంకన్నా గౌరవం. మన ఏరియాలో 70 లక్షల డబుల్ బెడ్‌రూం ఫ్లాటుకు 18 వేలు వస్తుందనుకుందాం. నూటికి 26 పైసలు. అందులోంచి ఆస్తి పన్ను, రంగులు, ఏడాదిలో ఒక నెల ఖాళీ తీసేస్తే ఇరవై పైసలకు దిగుతుంది. స్థలం విలువ పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కాదనను. కానీ పెరిగిన విలువలోంచి ఒక ఇటుక ఊడదీసి పాలు కొనుక్కోలేం. అప్పు చేసి కొంటే ఇంకా విచిత్రం. 50 లక్షలు 8.5 శాతానికి ఇరవై ఏళ్ళకు తీసుకుంటే నెలకు 43 వేల పైచిలుకు వాయిదా. అద్దె 18 వేలు. మిగతా 25 వేలు మన జీతంలోంచి ఎదురు కడుతూ, నాకు అద్దె ఆదాయం ఉందని చెప్పుకుంటాం.

సొంత జాగాలో పోర్షన్లు వేసుకున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు గిట్టుబాటవుతుంది. కానీ అది కూర్చుని తినేది కాదు. మా ఎదురింటి వదినగారికి నాలుగు పోర్షన్లు. మొన్న ఏప్రిల్‌లో రాత్రి పదిన్నరకు పైపోర్షన్ వాళ్ళ ఫోను, నీళ్ళు రావట్లేదని. బోరు మోటారు కాలింది. అన్నయ్య ఊళ్ళో లేరు. ఆవిడ టార్చి పట్టుకుని సంపు మూత తీసి, లోపల జానెడు నీళ్ళు చూసి, ట్యాంకరు అబ్బాయికి ఫోను చేసి, వాడు ఎత్తక, మళ్ళీ చేసి, తెల్లారి నాలుగింటికి గేటు తీసి నిలబడింది. మోటారు వైండింగు, ట్యాంకర్లు కలిపి ఆ నెల ఒక పోర్షన్ అద్దె అందులోనే పోయింది. ఆవిణ్ణి అడగండి ఇది పాసివా అని. ఒంటిమీద చెయ్యి పడకుండా పారిపోండి.

షేర్ల గురించి చెప్పమని కుర్రాళ్ళు వెనక నుంచి సైగ చేస్తున్నారు. షేరు నుంచి చేతికొచ్చేది డివిడెండు. పెద్ద కంపెనీల్లో సగటున ఏడాదికి నూటికి రెండు రూపాయలు కూడా ఉండదు. కాబట్టి నెలనెలా తినడానికి అది పనికిరాదు, పెంచడానికి పనికొస్తుంది. ఒకే కంపెనీ మీద మోజు వద్దని హైదరాబాద్ వాళ్ళకు చెప్పాలా? 2009 జనవరి 7న, దొంగ లెక్కలు బయటపడగానే, సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్క రోజులో 179 నుంచి 40 రూపాయల దగ్గరికి పడింది. అందుకే నిఫ్టీ అనే షేర్ల సూచీలో ఉన్న యాభై పెద్ద కంపెనీలనూ కలిపి కొనే ఇండెక్స్ ఫండు, నెలకింతని. 2013 నుంచి డైరెక్ట్ ప్లాన్లున్నాయి, మధ్యలో ఏజెంటు కమీషను ఉండదు. అయితే 2020 మార్చిలో నిఫ్టీ 12 వేల పైనుంచి రెండు నెలలు తిరక్కుండానే 7,600కు పడింది. ఆ రోజుల్లో పిల్ల ఫీజు కోసం అమ్మాల్సి వచ్చినవాళ్ళ సంగతి ఆలోచించండి. పదేళ్ళదాకా అక్కర్లేని డబ్బు తప్ప అక్కడ పెట్టకూడదు.

చిట్టీ ఆదాయం కాదు. అసలు సొమ్మును కూడబెట్టే పద్ధతి, అంతే. రిజిస్టరు చేసిన చిట్టీ అయితే మంచిదే.

ఈ తరానికి ఈ బెంగ ఎందుకు పట్టుకుందో నాకు అర్థమవుతుంది. మాకు పెన్షనుంది. మా నాన్నకూ ఉండేది. అదే మా పాసివ్ ఇన్‌కమ్, ఆ పేరు తెలియకుండానే తిన్నాం. 2004 సెప్టెంబరు తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో సర్కారు కొలువులో చేరినవాళ్ళకు ఆ పాత పెన్షను పోయింది. 2010 ఏప్రిల్ నుంచి చేరిన బ్యాంకు వాళ్ళకూ లేదు. ప్రైవేటులో పీఎఫ్ పెన్షను కనీసం నెలకు వెయ్యి, అది 2014లో పెట్టిన మాట. ఎవరి పెన్షను వాళ్ళే కట్టుకోవాల్సిన కాలం ఇది. నెలకు ఇరవై వేలు కావాలంటే అరవై పైసల లెక్కన 33 లక్షలు పైచిలుకు కావాలి. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో ఆ ఇరవై వేలు పదివేలపాటి చేస్తుంది. వినడానికి చేదుగా ఉంటుందని తెలుసు.

డబ్బు ఒకేచోట పెట్టకండి. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే, వడ్డీతో కలిపి. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. పాతికేళ్ళ కింద మన ఊళ్ళో సహకార బ్యాంకులు మూతపడ్డప్పుడు షట్టర్ల ముందు నిలబడ్డ ముసలివాళ్ళను నేను చూశాను.

అరవై పైసలకన్నా మెరుగైనది ఏదీ లేదా అంటే, సొంత డాబా ఉన్నవాళ్ళకు ఒకటుంది. మూడు కిలోవాట్ల సోలారు పలకలకు సుమారు రెండు లక్షలు. 2024లో మొదలైన కేంద్ర పథకంలో 78 వేలు సబ్సిడీ. మన జేబులోంచి లక్షా ఇరవై రెండు వేలు. నెలకు మూడు వందల యూనిట్ల పైన తయారవుతుంది. బిల్లులో పదిహేను వందలు తగ్గినా రూపాయి పావలా వడ్డీ పడ్డట్టు. దాని మీద ఆదాయపు పన్ను లేదు. పెట్టిన అసలు తిరిగి రాదు కాబట్టి ఏడేళ్ళలో తీరిందనుకోవాలి, ఆ తర్వాతంతా మిగులే. పక్కింటి నీడ పడకూడదు, నెలకోసారి దుమ్ము తుడవాలి. అపార్ట్‌మెంటు వాళ్ళకు డాబా అందరిదీ, ఆ పంచాయితీ మీరే తేల్చుకోండి.

సరే, బ్లౌజుల ఆవిడ విషయం. అయిదు లక్షలూ పోస్టాఫీసులో పెడితే నెలకు 3,083 రూపాయలు వస్తాయి. ఇది చెప్తే మొహం చిన్నబోతుందని తెలుసు. నిన్న సాయంత్రం ఆగలేక వెళ్ళి చెప్పాను. అలాగే చిన్నబోయింది. కాసేపటికి తనే అంది, "సార్, చీరలకు ఫాలు, పీకో అడుగుతరు. నా దగ్గర పీకో మిషను లేక పక్క గల్లీకి పంపుత" అని. చీరకు ఎంత తీసుకుంటారన్నాను. వంద అంది. వారానికి ఎన్ని పోతున్నాయంటే వేళ్ళు మడిచి, పదన్నా పోతయి అంది. మిషను పద్దెనిమిది వేలట. దారానికి, కరెంటుకు సగం తీసేసినా ఆ పద్దెనిమిది వేల మీద నెలకు రెండు వేలు. ఎన్ని రూపాయల వడ్డీయో మీరే కట్టండి. నాలుగు లక్షల ఎనభై వేలు పోస్టాఫీసుకు, ఇరవై వేలు మిషనుకు అని ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం. కాళ్ళు నొప్పి పుట్టేదే, కూర్చుని తినేది కాదని నేనూ ఒప్పుకున్నాను.

ఇవ్వాళ ఆవిడ కూడా రావాల్సింది. ఆదివారం గిరాకీ ఎక్కువట, రాలేనని ఫోను చేసింది.