పోర్చుగల్ ఊళ్ల జెండాలు: కొనే ముందు బురుజులు లెక్కపెట్టండి | రివ్యూ

నమస్తే అండి. ఇవాళ టేబుల్ మీద మూడు జెండాలున్నాయి: లిస్బన్, ఎవొరా, కాల్దాష్ ద రైన్యా. మూడూ 90కి 150 సెంటీమీటర్లు, పాలిస్టర్ గుడ్డ మీద ప్రింటు. అమ్మేవాళ్లు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. ధర, గుడ్డ బరువు మీరు చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

కెమెరా దగ్గరికి తెస్తున్నా. జెండా మధ్యలో ఉన్న డాలు బొమ్మ నెత్తిన కోటగోడ లాంటి కిరీటం కనిపిస్తోందా? ముందు దీని బురుజులు లెక్కపెట్టాలి. మూడుంటే ఫ్రెగెజియా, అంటే మున్సిపాలిటీ కింద ఉండే చిన్న యూనిట్. నాలుగుంటే విలా, మన లెక్కలో టౌను. ఐదుంటే సిటీ. ఈ పద్ధతి 1930 ఏప్రిల్ 14 సర్క్యులర్‌తో స్థిరపడింది. ఇప్పుడు నడుస్తున్నది 1991 నాటి 53వ నంబరు చట్టం. జనాభాతో దీనికి పని లేదు. సింత్రా మున్సిపాలిటీలో 3.8 లక్షల మంది పైనే ఉన్నారు, అయినా దాని కేంద్రం ఇప్పటికీ విలాయే కాబట్టి నాలుగే బురుజులు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! కింద రాసిన పేరు చదవడం రాకపోయినా ఊరి హోదా తెలిసిపోతుంది.

కిరీటాలు మామూలుగా వెండివి, ప్రింటులో తెల్లగా వేస్తారు. ఊళ్లలో బంగారు కిరీటం రాజధాని లిస్బన్‌కి ఒక్కదానికే. మరి ఈ లిస్బన్ జెండాలో చూడండి, ఐదు బురుజులూ ఉన్నాయి, రంగు మాత్రం తెలుపు! డాలులో ఉన్న ఓడ బాగుంది. ముందొక కాకి, వెనకొక కాకి, ఎదురెదురుగా ఉన్నాయి. 1173లో సెయింట్ విన్సెంట్ అస్థికలు ఓడలో లిస్బన్ చేరేదాకా కాకులే కాపలా కాశాయని చెప్పుకుంటారు, ఇవి ఆ కాకులే. వాటి ముక్కులు కూడా పొందిగ్గా గీసినవాళ్లు కిరీటానికి పసుపు వేయడం మరిచిపోతే ఎలా?

రెండో తప్పు మూడింటిలోనూ ఉంది. ఎగరేసే జెండా కొలత 2కి 3. అంటే 90 ఎత్తుకి 135 పొడవు, లేదా 100కి 150. వీళ్లు 2కి 3 బొమ్మనే 90కి 150లోకి సాగదీశారు. అడ్డంగా తొమ్మిది వంతులు ఉండాల్సింది పది అయింది. స్కేలు పెడితే తెలిసిపోతుంది. డాలు అడుగు అర్ధ వృత్తం కదా, ఆ వంపు లోతు డాలు వెడల్పులో సగం ఉండాలి. ఇక్కడ తక్కువుంది, డాలు చదునుగా, లావుగా కనిపిస్తోంది. సైజు తప్పనిసరిగా 150 కావాలంటే బొమ్మని సాగదీయకూడదు, డాలు కొలత అలాగే ఉంచి వెనక రంగుల్ని మాత్రమే పొడిగించాలి.

ఆ రంగుల సంగతి. సిటీ జెండా మధ్యలోంచి ఎనిమిది ముక్కలవుతుంది: మూలల నుంచి రెండు గీతలు, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ఊరేగింపులో పట్టుకునేది మీటరుకి మీటరు చదరం, కుచ్చుల తాడుతో ఉంటుంది. అందులో ఎనిమిదీ సమానంగా వస్తాయి. లిస్బన్‌వి నలుపు తెలుపు. ఉత్తర ఆఫ్రికా తీరాన స్పెయిన్ చేతిలో ఉన్న సెవుతా అనే ఊరి జెండా కూడా నలుపు తెలుపే, మధ్యలో మాత్రం ఓడ బదులు పోర్చుగల్ డాలు. 1415లో పోర్చుగల్ పట్టుకున్న ఊరది, ఆ గుర్తు ఇంకా పోలేదు.

ఎవొరాలో కిరీటం సరిగ్గా ఉంది. గుర్రం మీద కత్తి దూసినవాడు జెరాల్దు, 1165లో ఊరు పట్టినవాడు. కింద తెగిన తలలు రెండు, పిల్లల గదిలో పెట్టేముందు చూసుకోండి.

కాల్దాష్ ద రైన్యా నాకు బాగా నచ్చింది. ఇందులో ఉన్న వల రాణి లియొనోర్‌ది. 1491లో ఆమె కొడుకు అఫోన్సు గుర్రం మీంచి పడి చనిపోయాడు. జాలరి ఒకడు తన వలలో మోసుకొచ్చాడని చెబుతారు. ఆ వలనే ఆమె తన గుర్తుగా పెట్టుకుంది. పక్కనున్న పెలికాన్ పక్షి ఆమె భర్త, రాజు జువాఁవు రెండోవాడి గుర్తు. వల కన్నులు ఇంత సన్నగా వేసిన ప్రింటు అరుదు.

వెనక్కి తిప్పితే అక్షరాలు అద్దంలో లాగా ఉన్నాయి, ఒకవైపు ప్రింటు కదా. రెండువైపులా కావాలంటే రెండు గుడ్డలు కుట్టాలి, బరువెక్కుతుంది, చిన్న గాలికి ఎగరదు. గోడకైతే ఇదే నయం. బయట ఎగరేసేవాళ్లు కర్ర వైపు కాక అవతలి అంచు కుట్టు గట్టిదో కాదో చూడండి, దారాలు లేచేది అక్కడే.

గుడ్డ బాగున్నా లిస్బన్ కొనొద్దంటాను. రాజధాని కిరీటం తెల్లగా వేస్తే అది లిస్బన్ జెండా కాదు. కాల్దాష్ తీసుకోండి, కానీ 100కి 150లో కావాలని ఆర్డరులో రాసి అడగండి.