అంబుడ్స్‌మన్ ఎవరి తరఫు మనిషి?

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చని ప్రకటనల్లో వింటుంటాము. ఈ మాటను ఇంగ్లిషుదనే అనుకుంటాము కదా?

అతిథి: నమస్కారమండీ. అది అచ్చమైన స్వీడిష్ నామవాచకం. ‘ఓంబుద్’ అంటే ప్రతినిధి, ‘మన్’ అంటే మనిషి. దీని మూలం స్కాండినేవియా వారి పాత భాష అయిన ప్రాచీన నార్స్‌లోని ‘ఉంబోద్’. ఒకరి తరఫున వ్యవహరించేందుకు అప్పగించిన అధికారమని దాని అర్థం. మనం వకాల్తా పుచ్చుకున్నవాడు అంటామే, అది దీనికి బాగా దగ్గర. స్వీడన్‌లో నేటికీ కార్మిక సంఘం జీతమిచ్చి పెట్టుకున్న కార్యకర్తను అంబుడ్స్‌మన్ అనే పిలుస్తారు.

వ్యాఖ్యాత: మరి అధికారుల మీద ఫిర్యాదులు వినే పదవికి ఈ పేరు ఎలా వచ్చింది?

అతిథి: ఆ కథ స్వీడన్‌కు బయటే మొదలైంది. 1709లో పోల్తావా వద్ద రష్యా చేతిలో ఓడిన స్వీడన్ రాజు పన్నెండవ కార్ల్ ఒట్టోమాన్ (తురుష్క) రాజ్యంలో తలదాచుకున్నాడు. స్వదేశంలో న్యాయమూర్తులు, అధికారులు చట్టాన్ని పాటిస్తున్నారో లేదో కనిపెట్టడానికి 1713లో అక్కడి నుంచే సర్వోన్నత అంబుడ్స్‌మన్ పదవిని సృష్టించాడు. అంటే మొదట ఇతడు ప్రజల మనిషి కాదు, రాజుగారి మనిషి! తరువాతి కాలపు రాజు నాలుగవ గుస్తావ్ అడాల్ఫ్‌ను గద్దె దించాక, 1809 రాజ్యాంగం పార్లమెంటుకు సొంతంగా ఒక న్యాయ అంబుడ్స్‌మన్‌ను ఇచ్చింది. 1810లో లార్స్ ఆగస్టిన్ మన్నర్‌హైమ్ ఆ పదవికి ఎన్నికయ్యాడు. తప్పు చేసిన అధికారిపైనే కాక న్యాయమూర్తిపై కూడా అభియోగం మోపే అధికారం ఆ పదవికి ఉంది. మాట మారలేదు, యజమాని మారాడు.

వ్యాఖ్యాత: మన దేశానికి ఎలా చేరింది?

అతిథి: ఫిన్లాండ్, డెన్మార్క్‌ల తరువాత 1962లో న్యూజిలాండ్ ఈ పదవిని స్వీకరించడంతో, ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో దీని పేరు మారుమోగింది. మన దగ్గర 1963లో పార్లమెంటు సభ్యుడు ఎల్.ఎం. సింఘ్వీ ఈ పదవికి ‘లోక్‌పాల్’ అనే మాటను కల్పించారు. రాష్ట్ర స్థాయిలో ఇలాంటి పదవే లోకాయుక్త; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే దానికి చట్టం చేసుకోగా, కేంద్రంలో లోక్‌పాల్ చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. అసలు స్వీడిష్ మాట మాత్రం 1995లో బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకం పేరులో కుదురుకుంది. నన్నడిగితే అర్థం అక్కడ కొంత పక్కకు జరిగింది, ఎందుకంటే రిజర్వు బ్యాంకు నియమించే ఈ అధికారి ఖాతాదారు వకాల్తా పుచ్చుకోడు, ఇరుపక్షాలూ విని తేలుస్తాడు.

వ్యాఖ్యాత: ఆ పదవిలో స్త్రీ ఉంటే ఏమంటారు?

అతిథి: స్వీడన్‌లో ఆమెనూ అంబుడ్స్‌మన్ అనే అంటారు. ఇంగ్లిషులో కొందరు చివరి ‘మన్’ను ‘పర్సన్’గా మార్చుకున్నారు. స్వీడిష్‌లో అంత శ్రమ అక్కరలేదు, ‘ఓంబుద్’ దగ్గర ఆగినా ప్రతినిధి అనే అర్థం ఉండనే ఉంది.