హాంబర్గ్‌లో తొలి అక్టోబరు: ఒక విశాఖ అక్క కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. విదేశాల్లో చదువుకోడానికి మన విశాఖ నుంచి ఏటా ఎంతోమంది విమానం ఎక్కుతున్నారు. ఈ సెప్టెంబరులో మా తమ్ముడు కూడా జర్మనీలోని హాంబర్గ్ వెళ్తున్నాడు, కాబట్టి ఈ ఎపిసోడ్ నాకు సొంత పని కూడా. అక్కడ చదువుకుంటూ, సెలవులకి పెదవాల్తేరు వచ్చిన అక్క మనతో ఉన్నారు. అక్కా, దిగిన కొత్తలో ఊరు ఎలా అర్థమైంది?

అతిథి: మొదట నాకు దిక్కులే తెలియలేదు తమ్ముడూ. ఇక్కడ ఎవరైనా దారి అడిగితే బీచ్ వైపు వెళ్లండి, కొండ వైపు వెళ్లండి అని చెప్తాం. సముద్రం ఎటుందో తెలిస్తే చాలు, ఇల్లు చేరిపోతాం. హాంబర్గ్ చదునైన ఊరు. పోర్టు సిటీయే గానీ సముద్రం దాదాపు వంద కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఓడలు ఎల్బ నదిలోంచి ఊళ్లోకి వస్తాయి.

హోస్ట్: మరి దేన్ని పట్టుకుని తిరిగారు?

అతిథి: ఆ నదినే. లాండుంగ్స్‌బ్రూకెన్ అని పెద్ద రేవు ఉంది. అక్కడ 62 నంబరు ఫెర్రీ ఎక్కాను. బస్సుకీ రైలుకీ పనికొచ్చే మామూలు టికెట్టే దానికీ సరిపోతుంది. నొయ్‌ముయ్‌లెన్‌లో దిగితే నది ఒడ్డున ఇసుక బీచ్. ఆర్కే బీచ్‌లో నిలబడితే ఓడలు ఎక్కడో దూరంగా లంగరేసి కనిపిస్తాయి కదా, అక్కడ కంటైనర్ ఓడ కళ్లెదురుగానే వెళ్తుంది. మెడ ఎత్తి చూడాలి! ఇంకోటి, పొద్దున రేవులోకి దిగే వంతెన బాగా ఏటవాలుగా ఉంది, తిరిగొచ్చేసరికి దాదాపు సమంగా ఉంది. అంత లోపలికి వచ్చినా నదికి ఆటుపోట్లు ఉన్నాయి, తేడా మూడు మీటర్ల పైనే. అందుకే రేవుని నీళ్ల మీద తేలేలా కట్టారు.

హోస్ట్: అబ్బా, అది నాకు తెలియదు.

అతిథి: ఆ పక్కనే పాత ఎల్బ సొరంగం. అవతలి ఒడ్డున పనిచేసే కార్మికుల కోసం 1911లో తెరిచారు. నది కింద 426 మీటర్లు నడుస్తాం, ఒక్క పైసా కట్టక్కర్లేదు. అవతల పైకొచ్చి వెనక్కి తిరిగితే ఊరంతా ఒక్క వరసలో కనిపిస్తుంది. సెయింట్ మైకేలిస్ చర్చి టవర్ 132 మీటర్లు. ఆ తర్వాత దారి తప్పినట్టు అనిపిస్తే ముందు ఆ టవర్ కోసమే వెతికేదాన్ని. అది నా కైలాసగిరి అయిపోయింది.

హోస్ట్: ఆదివారాలు షాపులు ఉండవట కదా?

అతిథి: చాలావరకు మూతే, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. కానీ ఆదివారం పొద్దున్నే ఫిష్ మార్కెట్ ఉంటుంది, 1703 నుంచీ ఉంది. వేసవిలో ఐదింటికే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి సర్దేస్తారు. చేపలు, పళ్లు, పూలమొక్కలు, అమ్మేవాళ్ల కేకలు. మన ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట విన్నవాళ్లకి భాష రాకపోయినా అక్కడ బేరం ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది.

హోస్ట్: చాలామంది ముందు సెటిల్ అవుదాం, ఊరు తర్వాత చూద్దాం అంటారు.

అతిథి: అలా మాత్రం అనుకోవద్దు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ రిజిస్టర్ చేయించాలి, బ్యాంకు, ఇన్సూరెన్స్... టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ వెలుతురు మనకోసం ఆగదు. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ చలిలో, చీకట్లో కొత్త ఊరు చూడాలని ఎవరికి అనిపిస్తుంది? క్లాసు, గది, ఇంటికి వీడియో కాల్... అంతటితోనే చలికాలం గడిపేసిన పిల్లల్ని చూశాను. చాలా బాధేసింది.

హోస్ట్: మా తమ్ముడికి ఏం చెప్పమంటారు?

అతిథి: అక్కడ చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. స్టూడెంట్ టికెట్ కూడా అప్పటి నుంచే. సెప్టెంబరులో దిగితే అప్పటిదాకా టికెట్ కొనుక్కోమను. స్టేషన్లో గేట్లు ఉండవు గానీ, టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు కట్టాలి. గొడుగు కంటే రెయిన్ కోటు మేలు, నది గాలికి గొడుగు నిలవదు. నా నంబరు ఇస్తాను, దిగాక ఫోన్ చెయ్యమను. ఆ వారం నేనూ అక్కడే ఉంటాను, సొరంగం అవతలికి నేనే తీసుకెళ్తాను.