వేడుకకు స్టూడియో అద్దెకు తీసుకునే ముందు: ఫోన్-ఇన్ కార్యక్రమం

నిర్వాహకురాలు: నమస్కారం. సీమంతం, పుట్టినరోజు వంటి చిన్న వేడుకలకు ఫొటో స్టూడియోలను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం మన తిరుపతిలోనూ వాడుకలోకి వచ్చింది. ఈ విషయంలో మీ సందేహాలకు వినియోగదారుల కేసులు వాదించే న్యాయవాది గారు సమాధానం చెబుతారు. మొదటి కాల్ చంద్రగిరి నుంచి.

శ్రోత: నమస్కారం సార్. మా అమ్మాయికి ఏడో నెల. సీమంతానికి ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక స్టూడియో చూసి వచ్చాము. అక్కడ గోడ ఎక్కడ ముగిసిందో, నేల ఎక్కడ మొదలైందో తెలియకుండా అంతా ఒకే తెలుపుగా వంపు తిరిగి ఉంటుంది. ఫొటోలు బాగా వస్తాయని మా అల్లుడు అదే కావాలన్నాడు. నాలుగు గంటలకు ఎనిమిది వేలు, డిపాజిట్ ఐదు వేలు. అయితే పోయిన నెల మా ఆడపడుచు వాళ్లు ఇంకోచోట పుట్టినరోజు చేస్తే, గోడకు పసుపు అంటిందని డిపాజిట్ మొత్తం పట్టుకున్నారు. మా ఐదు వేలు తిరిగి వస్తాయా సార్?

న్యాయవాది: ముందు ఇది చెప్పండమ్మా, రసీదు తీసుకున్నారా?

శ్రోత: ఫోన్‌పేలో పంపాము సార్.

న్యాయవాది: ఫోన్‌పేలో డబ్బు వెళ్లినట్లు ఉంటుంది కానీ, ఎందుకు వెళ్లిందో ఉండదు. అది అద్దెనా, అడ్వాన్సా, తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్టా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఇక ఆ నాలుగు గంటల్లో అలంకరణ సమయం కలిసి ఉందా?

శ్రోత: అది అడగలేదు సార్.

న్యాయవాది: అందరూ మరిచిపోయేది అదే. పూలు, బెలూన్లు కట్టడానికి గంటన్నర, విప్పి ఊడ్చి అప్పగించడానికి ముప్పావు గంట పోతే, గాజులు తొడగడానికి, భోజనాలకు, ఫొటోలకు మీకు మిగిలేది గంటా ముప్పావు మాత్రమే. ఆలస్యమైన ప్రతి గంటకు ఎంత తీసుకుంటారో కూడా రాయించండి.

శ్రోత: సరే సార్. కానీ ఆ డిపాజిట్...

న్యాయవాది: అక్కడికే వస్తున్నానమ్మా. పసుపు చేయి ఆ తెల్లగోడకు తగిలిందంటే, తడిగుడ్డతో తుడిచేకొద్దీ మరక పాకుతుంది. మరక ఉన్నంత మేరకే రంగు వేస్తే అతుకు కనిపిస్తుంది కనుక గోడంతా వేయవలసి వస్తుంది. కాబట్టి యజమాని కోపంలోనూ కొంత న్యాయం ఉంది. పసుపు, కుంకుమ కార్యక్రమం ఆ గోడకు దూరంగా, నేల మీద పట్టా పరిచి చేసుకోండి. తాళం తీయగానే గోడలు, నేల, లైట్లు అన్నీ ఫోన్‌లో వీడియో తీసి, అక్కడికక్కడే యజమానికి వాట్సాప్ చేయండి.

శ్రోత: అంతా చేసినా ఇవ్వకపోతే?

న్యాయవాది: నష్టం ఎంతో చూడకుండా డిపాజిట్ మొత్తం మింగేయడానికి వీల్లేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872, 74వ సెక్షన్ ప్రకారం యజమానికి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కనుక ఫీజు ఉండదు. అక్కడ కూడా మొదట అడిగేది కాగితమేనమ్మా.

నిర్వాహకురాలు: ధన్యవాదాలు. చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి మరో శ్రోత.

శ్రోత: సార్, స్టూడియోలో రాత్రి పదకొండు దాకా పాటలు పెట్టుకోవచ్చని యజమాని అంటున్నారు.

న్యాయవాది: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషేధం. మూసి ఉన్న హాలుకు మినహాయింపు ఉన్నా, శబ్దం బయటికి రానంతవరకే అది మీకు పనికొస్తుంది. పోలీసులు వస్తే యజమాని మాట సాక్ష్యానికి రాదు. పదికే ఆపేయండి.

నిర్వాహకురాలు: శ్రీకాళహస్తి, చెప్పండి.

శ్రోత: బిల్లు లేకుండానే జీఎస్టీ అని పద్దెనిమిది శాతం అడుగుతున్నారు.

న్యాయవాది: రిజిస్ట్రేషన్ లేనివారు జీఎస్టీ వసూలు చేయకూడదు. నంబరు అడగండి. అందులో 15 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నాకే చెల్లించండి, అదీ బిల్లు మీదే.

నిర్వాహకురాలు: చంద్రగిరి అమ్మగారే మళ్లీ లైన్‌లోకి వచ్చారు. క్లుప్తంగా అడగండమ్మా.

శ్రోత: సార్, మీరు చెప్పాక మా అల్లుడు వాళ్లకు మెసేజ్ పెట్టాడు. అలంకరణ కూడా ఆ నాలుగు గంటల్లోనేనట. వంట కూడా అక్కడే పెట్టుకుందామనుకున్నాము.

న్యాయవాది: తెరలు, కాగితపు చుట్టలు వేలాడే చోట స్టవ్ వెలిగించవద్దమ్మా. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌ను ఇలాంటి వేడుకల వంటకు వాడకూడదు కూడా. వండినవే తెప్పించుకోండి. ఇంకో రెండు గంటలు అదనంగా తీసుకుని, ఆ రేటును అదే మెసేజ్‌లో అడగండి. వాళ్లు ఇచ్చే జవాబును తీసేయకుండా ఉంచుకోండి.

శ్రోత: అయితే డిపాజిట్ వస్తుందన్నట్లేనా సార్?

న్యాయవాది: (నవ్వుతూ) గోడ తెల్లగా ఉంటే వస్తుందమ్మా.

నిర్వాహకురాలు: సమయం ముగిసింది. ఫోన్ చేసిన శ్రోతలకు, న్యాయవాది గారికి ధన్యవాదాలు.