జ్ఞాపకం: దాచుకునేదా, తెలియజేసేదా?

అందరికీ నమస్కారం. రైల్వే స్టేషన్‌లో "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మైకులో వినపడగానే చెవులు రిక్కిస్తాం కదా, ఆ విజ్ఞప్తికీ మన జ్ఞాపకానికీ మూలం ఒక్కటే. సంస్కృతంలో 'జ్ఞా' అనే ధాతువు. తెలుసుకోవడం అని దానర్థం, దానికి ప్రేరణార్థకం చేరిస్తే తెలియజేయడం అవుతుంది. అలా చూస్తే జ్ఞాపకం అంటే 'తెలియజేసేది', అంతే. మనం ఇప్పుడు వాడే అర్థానికి సంస్కృతంలో స్మృతి, స్మరణ అని వేరే మాటలున్నాయి.

పాణిని వ్యాకరణం చదివేవాళ్లను అడిగితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ సుమారు 4,000 సూత్రాలు, ఒక్క అక్షరం కూడా వృథా కాకూడదు. అర్ధమాత్ర, అంటే పొట్టి అచ్చు పలికే సమయంలో సగం, మిగిలినా కొడుకు పుట్టినంత సంబరం వైయాకరణులకు అని ఒక నానుడే ఉంది. అంత పొదుపుగా రాసిన చోట ఏదైనా మాట అనవసరంగా కనపడితే వ్యాఖ్యాతలు దాన్ని తప్పు అనరు. మహర్షి ఊరికే పెట్టడు కాబట్టి, పైకి చెప్పని నియమం ఒకటి ఉందని ఆ మాట మనకి సూచిస్తోంది అంటారు. అలా సూచించేదాన్ని వాళ్లు 'జ్ఞాపకం' అంటారు.

మరి అది మన దగ్గరికొచ్చి ఇలా ఎందుకు మారింది? మనకే కాదు, కన్నడిగుల జ్ఞాపక, తమిళుల ఞాబగం కూడా ఈ అర్థంలోనే ఉన్నాయి. నాకు అనిపించేదేమిటంటే, పెద్దవాళ్లు ఏదైనా మరిచిపోకూడదనుకుంటే కొంగుకు ముడి వేసుకునేవాళ్లు, చూశారా? ఆ ముడిలో ఏ సమాచారమూ ఉండదు. పాలవాడికి డబ్బులివ్వాలా, చెల్లెలికి కబురు పంపాలా అన్నది అందులో రాసి ఉండదు, కానీ చేతికి తగలగానే విషయం మనసులోకి వచ్చేస్తుంది. ఆ ముడి అచ్చంగా పాత అర్థంలో జ్ఞాపకమే. తెలియజేసే వస్తువు పేరే మెల్లగా, తెలిసిన సంగతికీ వచ్చి ఉంటుంది.

ఇలా అనుకోవడానికి ఒక సాక్ష్యం కూడా ఉంది, 'గుర్తు'. ఎన్నికల గుర్తు, పుస్తకంలో పేజీ గుర్తు, ఇవన్నీ చిహ్నాలు. అదే మాటతో "నీకు గుర్తుందా?" అని కూడా అడుగుతాం. రెండు మాటలూ ఒకే దారిన నడిచాయన్నమాట. స్మృతి మాత్రం స్మృతివనాల దగ్గరా సంస్మరణ సభల దగ్గరా ఉండిపోయింది, ఇంట్లోకి రాలేదు.

ఇంకోటి గమనించండి. "నాకు జ్ఞాపకం వచ్చింది", "నాకు గుర్తుంది" అంటాం. కానీ మరుపు దగ్గరికొచ్చేసరికి "నేను మర్చిపోయాను". అది దానంతటదే వస్తుంది, ఇది మాత్రం నేను చేసిన పని! గుర్తుపెట్టుకోవడం కూడా మన పనే అనుకోండి, అయినా ఈ తేడా నాకు చాలా ఇష్టం.

తెలంగాణలో మన ఇళ్లల్లో 'యాది' అంటాం. పారసీ 'యాద్' ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. "యాదికొచ్చింది", "యాది మరిచిన" అంటే అందులో ఎంత దగ్గరితనం ఉంటుందో! దాన్ని పరాయి మాట అని పిల్లల నోట్లో దిద్దేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. జ్ఞాపకమూ బయటి నుంచి వచ్చిందే కదా, పైగా వచ్చాక అర్థం మార్చుకుంది. యాది కనీసం తన అర్థంతోనే వచ్చింది. పిల్లలు బడిలో "నాకు యాదికుంది సార్" అంటే దయచేసి దిద్దకండి. పాఠ్యపుస్తకంలో జ్ఞాపకం, గుర్తు, యాది మూడూ పక్కపక్కన ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మీ ఊళ్లో దీనికి ఇంకేదైనా మాట ఉంటే ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను.